సబ్‌మెరైనర్ లుక్ కావాలి, అంత బడ్జెట్ లేదు: ఫస్ట్ కాపీని మోడ్ చేయించాలా, వేరే దారి చూసుకోవాలా?

నీళ్ళలో దిగేవాళ్ళ కోసం చేసిన రోలెక్స్ సబ్‌మెరైనర్ వాచీ మీద మనసు పడి, ధర దగ్గర ఆగిపోయినవాళ్ళలో చాలామంది ఒకే దారి పడతారు. ముందు మంచి ఫస్ట్ కాపీ, అంటే అచ్చం అసలుదానిలా ఉండే నకిలీ, ఒకటి వెతుకుతారు. అది చేతికొచ్చాక తేదీ మీది గ్లాసు అంకెను సరిగ్గా పెద్దది చేసి చూపించడం లేదనిపిస్తుంది. బెజెల్ (గ్లాసు చుట్టూ ఉండే వలయం) నలుపు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. ఇక మోడ్స్, అంటే భాగాలు మార్పించడం, మొదలు. గ్లాసు మార్పిస్తారు, బెజెల్ మార్పిస్తారు, ఆ తర్వాత డయల్ కంట్లో పడుతుంది.

ఆ దారిలో పెట్టే డబ్బుతోనే ఇంకో నాలుగు దారులు పట్టొచ్చు: హోమేజ్ వాచీ (రూపం అనుకరించినా సొంత పేరు వేసుకున్నది), సొంతంగా కట్టుకునే సీకో మోడ్, వేరే బ్రాండు అసలు డైవర్ (నీళ్ళలో దిగడానికి చేసిన వాచీ), సెకండ్ హ్యాండ్ అసలు వాచీ. నా మొగ్గు ఎటో దాచను. ఐదింటిలో ఫస్ట్ కాపీని మోడ్ చేయించడమే అన్నిటికన్నా నష్టం. అందుకు నీతి ఒక్కటే కారణం కాదు, లెక్క చూసినా అంతే. మిగతా నాలుగింటిలో మాత్రం ఏది మంచిదో అందరికీ ఒకే జవాబు లేదు. మీకు అందులో ఏం నచ్చిందో దాన్ని బట్టి మారుతుంది.

## ముందు ఇది తేల్చుకోండి

"సబ్‌మెరైనర్ ఇష్టం" అనే మాటలో కనీసం నాలుగు రకాల ఇష్టాలు కలిసిపోయి ఉంటాయి.

మొదటిది రూపం. నల్ల డయల్, గుండ్రటి చుక్కలు, లావాటి ముళ్ళు, తిరిగే బెజెల్. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953 నాటిది. బ్లాంక్‌పాన్ కంపెనీ డైవర్ ఫిఫ్టీ ఫాథమ్స్ కూడా అదే ఏడు వచ్చింది. చీకటి నీళ్ళలో టైము కనిపించాలంటే నల్లటి డయల్ మీద మెరిసే గుర్తులు కావాలి, ఎంతసేపు మునిగామో తెలియాలంటే తిరిగే బెజెల్ కావాలి. అంటే ఈ రూపం సగానికి సగం ఆ పని నుంచే పుట్టింది. 1965లో సీకో తన మొదటి డైవర్ తెచ్చినప్పుడూ ఇదే లెక్క. రూపమే కావాలనుకుంటే మీ ముందు చాలా దారులు తెరుచుకుని ఉన్నాయి.

రెండోది పేరు. డయల్ మీద ఆ కిరీటం ఉండాలి, పక్కవాళ్ళు చూడాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కాకపోతే ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా కొన్నవాళ్ళే ఆర్నెల్లకోసారి వాచీ మారుస్తుంటారు.

మూడోది లోపలి యంత్రం. ఇప్పటి సబ్‌మెరైనర్ డేట్‌లో ఉండే 3235 మూవ్‌మెంట్ ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే దాదాపు 70 గంటలు నడుస్తుంది, రోజుకు రెండు సెకన్లకు మించి అటూ ఇటూ పోదని కంపెనీ హామీ. వాచీ కచ్చితత్వాన్ని చూసే స్విస్ క్రోనోమీటర్ పరీక్షలోనే రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల దాకా ఒప్పుకుంటారు. దాని మీద ఇది ఇంకో మెట్టు.

నాలుగోది చేతిపని. వాచీ విప్పడం, ముళ్ళు మార్చడం, తనకు నచ్చినట్టు కట్టుకోవడం. ఫస్ట్ కాపీ మోడ్స్ వెంట పడేవాళ్ళలో చాలామందికి నిజంగా ఉండేది ఈ సరదానే. పాపం, దాన్ని తప్పు వస్తువు మీద ఖర్చు చేస్తున్నారు.

ఇవి కాక నాలుగు చూడాలి: నీళ్ళలో నిలబడుతుందా, చెడిపోతే ఎవరైనా బాగుచేస్తారా, రేపు అమ్మాలంటే తలెత్తుకుని అమ్మగలమా, ఐదారేళ్ళలో మొత్తం ఎంత ఖర్చవుతుంది.

| దారి | రూపం | నీటి నమ్మకం | సర్వీస్ | మళ్ళీ అమ్మడం |
|---|---|---|---|---|
| మోడ్ చేసిన ఫస్ట్ కాపీ | చాలా దగ్గర | పరీక్షించేదాకా సున్నా | చాలామంది ముట్టరు | చట్టపరంగా చిక్కు |
| హోమేజ్ | దగ్గర, పేరు వేరు | మోడల్‌ని బట్టి | తేలిక | ధర బాగా పడిపోతుంది |
| సీకో మోడ్ | మీ ఇష్టం | బిగించిన చేతిని బట్టి | చాలా తేలిక, చవక | భాగాల ధర కూడా రాకపోవచ్చు |
| వేరే బ్రాండు అసలు డైవర్ | అదే జాతి, సొంత ముఖం | మంచిది | అధికారిక సర్వీస్ ఉంటుంది | ఫర్వాలేదు నుంచి బాగుంది దాకా |
| సెకండ్ హ్యాండ్ అసలు | అసలే | సర్వీస్ చరిత్రను బట్టి | ఉంటుంది, ఖరీదు | అన్నిటికన్నా మెరుగు |

## మోడ్ చేసిన ఫస్ట్ కాపీ: దగ్గరయ్యేకొద్దీ పెరిగే ఖర్చు

ఫస్ట్ కాపీకి ఒక మోడ్ చేస్తే కన్ను ఇంకాస్త పదునెక్కుతుంది. గ్లాసు బాగయ్యాక తేదీ అంకెల అచ్చు తేడా కనిపిస్తుంది. అది సరిచేస్తే చీకట్లో మెరుపు రంగు నచ్చదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ మిగిలిన తేడా చిన్నదవుతుంది, దాన్ని తీసేయడానికి అయ్యే ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆ తేడాలను చూసేది వాచీ పెట్టుకున్నవాడు ఒక్కడే. ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్ళు తేదీ అంకె అచ్చు చూడరు. చూసేంత తెలిసినవాళ్ళయితే వెనక మూత తీయమంటారు, అక్కడితో కథ అయిపోతుంది.

కొందరు ఇందులోకి నిజమైన రోలెక్స్ భాగాలే తెచ్చి వేయిస్తారు. అసలు గ్లాసు, అసలు బెజెల్ ఇన్సర్ట్ (బెజెల్ మీది అంకెల పట్టీ), ఒక్కోసారి అసలు డయల్. వీటికి ఫ్రాంకెన్ వాచీలని పేరు. నాకు అన్నిటికన్నా పిచ్చి లెక్కగా కనిపించేది ఇదే. అసలు భాగానికి అసలు ధరే పెట్టాలి, కానీ అది నకిలీ కేసులోకి (వాచీ ఒంట్లోకి) వెళ్ళిన క్షణం నుంచి దాని విలువ నకిలీ విలువే. పైగా ఆ వాచీ మీ చేతిలోంచి ఇంకొకరి చేతికి, అక్కణ్ణించి మూడో మనిషికి వెళ్ళాక ఎవడో ఒకడు దాన్ని అసలు అనుకుని కొంటాడు. మీరు మోసం చేయాలనుకోకపోయినా, మోసానికి కావలసిన సరుకు మీరే తయారు చేసి పెట్టినట్టు.

నీటి సంగతి ఇంకా కంగారు పెట్టేది. డయల్ మీద 300 మీటర్లని అచ్చు వేయడానికి కాస్త రంగు చాలు. డైవర్ వాచీలకు ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కనీసం 100 మీటర్ల లోతుకు తగ్గట్టు ఉండాలి, తయారైన ప్రతి వాచీనీ రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడితో పరీక్షించాలి. నకిలీ తయారీలో ఆ పరీక్ష జరిగిందని నమ్మడానికి ఆధారమేమీ ఉండదు. మోడ్ కోసం గ్లాసు తీసి పెట్టించారంటే, ఉన్న కాస్త పట్టు కూడా పోయి ఉండొచ్చు.

సర్వీస్ విషయానికొస్తే, రోలెక్స్ అధికారిక కేంద్రం నకిలీని ముట్టదు. బయటి భాగాలు కలిసిన అసలు వాచీని కూడా, వాటిని తీసేసి కంపెనీ భాగాలు వేయించుకుంటే తప్ప బాగుచేయదు. మామూలు వాచ్‌మేకర్ చేస్తానన్నా, అసలుదాన్ని చూసి చేసిన క్లోన్ మూవ్‌మెంట్లకు విడిభాగాలు దొరకడం లాటరీ. ఒక బ్యాచ్ చక్రం ఇంకో బ్యాచ్‌లో సరిపోతుందని రాసిచ్చేవాళ్ళు లేరు. చివరికి మూవ్‌మెంట్ మొత్తం మార్చడమే దిక్కు.

ఇక చట్టం. ట్రేడ్‌మార్క్ ఉన్న పేరుతో నకిలీ సరుకు తయారు చేయడం, అమ్మడం దాదాపు అన్ని దేశాల్లో నేరం. దిగుమతిలో దొరికితే కస్టమ్స్ పట్టుకుని నాశనం చేస్తుంది. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చోట్ల కొన్నవాళ్ళకు, వెంట తెచ్చుకున్నవాళ్ళకు కూడా జరిమానా పడుతుంది. అసలు రోలెక్సులకే బయటి బెజెళ్ళు, డయళ్ళు వేసి "జెన్యూన్ రోలెక్స్" అని అమ్మిన వ్యాపారి మీద అమెరికాలో కేసు నడిచింది. 2024లో అక్కడి ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు అది ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనే అన్న తీర్పును నిలబెట్టింది. అసలు వాచీ విషయంలోనే ఇంత పట్టుబడితే, నకిలీలో అసలు భాగాలు కలిపి అమ్మేవాళ్ళ పరిస్థితి వేరే చెప్పాలా?

అందుకే ఈ దారిలో ఏ భాగం ఎక్కడ దొరుకుతుంది, ఎలా బిగించాలి అన్నది నేను రాయను.

## హోమేజ్: పేరు తనది, ముఖం అరువుది

హోమేజ్ అంటే ప్రసిద్ధ వాచీ రూపాన్ని అనుకరిస్తూ, డయల్ మీద మాత్రం సొంత పేరు వేసుకున్న వాచీ. స్టైన్‌హార్ట్ ఓషన్ వన్, ఇన్విక్టా ప్రో డైవర్, శాన్ మార్టిన్, పగాని డిజైన్ వంటివి ఈ కోవలోవే. నకిలీకీ దీనికీ మధ్య గీత డయల్ మీది పేరు దగ్గరే ఉంది. ఎవరి ట్రేడ్‌మార్కూ వాడలేదు, ఎవర్నీ నమ్మించడం లేదు. అయినా "ఇంకొకరి డిజైనే కదా" అని ముఖం చిట్లించేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలో కొంత నిజముంది. కానీ 70 ఏళ్ళుగా ప్రతి డైవర్ వాచీ ఇంకో డైవర్ వాచీని చూసే పుట్టిందన్నదీ నిజమే.

కొనేముందు బ్రాండు పేరు కన్నా లోపలి మూవ్‌మెంట్ పేరు చూడండి. సీకో ఎన్‌హెచ్35 ఉంటే గంటకు 21,600 బీట్లు, అంటే సెకను ముల్లు సెకనుకు ఆరు చిన్న అడుగులు వేస్తుంది. మియోటా 9015, సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 లాంటివైతే 28,800, సెకనుకు ఎనిమిది అడుగులు. సబ్‌మెరైనర్‌దీ అదే వేగం. ముల్లు జారినట్టు మెత్తగా కదలాలన్నది మీ కోరికైతే, ఏ మోడ్ కన్నా ఈ ఒక్క ఎంపికే ఎక్కువ తృప్తినిస్తుంది. అదే మరమ్మతు తేలిక ముఖ్యమనుకుంటే ఎన్‌హెచ్35ని మించింది లేదు.

నీటి అంకెను ఇక్కడా గుడ్డిగా నమ్మొద్దు. అయితే నకిలీతో పోలిస్తే పెద్ద తేడా ఒకటుంది. హోమేజ్ కంపెనీకి పేరూ ఊరూ ఉంటాయి, వారంటీ ఉంటుంది, నీళ్ళు దూరితే అడగడానికి మనిషి ఉంటాడు.

లోటు అల్లా మళ్ళీ అమ్మకంలోనే. పెట్టె తెరిచిన రోజే ధర పడిపోతుంది. పెట్టుబడి అనుకుని కాక, పెట్టుకోవడానికి కొనుక్కోవాలి. ఇంకోటి, ఎవరైనా దగ్గరికొచ్చి "రోలెక్సా?" అని అడుగుతారు. కాదని నవ్వుతూ చెప్పగలిగితే ఏ టెన్షన్ లేదు. ఆ ప్రశ్నకే ఇబ్బంది పడే మనిషైతే రూపంలో ఇంత దగ్గరగా ఉన్నది కొనకండి.

## సీకో మోడ్: మోడ్ సరదా ఉన్నవాళ్ళకు అసలైన చోటు

సీకో ఎస్‌కేఎక్స్007 అనే డైవర్ 1996లో వచ్చి 2019 దాకా సాగింది. 200 మీటర్లు, ఐఎస్ఓ డైవర్ ప్రమాణం, నాలుగు గంటల దగ్గర క్రౌన్ (కీ ఇవ్వడానికి, టైము పెట్టడానికి తిప్పే బొడిపె). లోపలి 7ఎస్26 మూవ్‌మెంట్‌కి చేత్తో కీ ఇవ్వడం కుదరదు, టైము పెట్టేటప్పుడు సెకను ముల్లు ఆగదు. ఇన్ని లోట్లున్నా లోకమంతా దాన్ని కొని విప్పడం మొదలుపెట్టింది. దాంతో దానికి సరిపోయే గ్లాసులు, బెజెళ్ళు, డయళ్ళు, ముళ్ళు చేసే వ్యాపారమే ఒకటి పుట్టుకొచ్చింది. 2019లో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌ వాచీల్లోకి కూడా ఆ భాగాల్లో చాలావరకు సరిపోతాయి. కానీ అవి 100 మీటర్లవే, క్రౌన్ స్క్రూలా బిగుసుకోదు.

ఇప్పుడు చాలామంది పూర్తి వాచీ కొని విప్పడం మానేసి, ఖాళీ కేసు, ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్, మిగతా భాగాలు విడివిడిగా తెప్పించుకుని కడుతున్నారు. ఎన్‌హెచ్35కి చేత్తో కీ ఇవ్వొచ్చు, సెకను ముల్లు ఆగుతుంది, దాదాపు 41 గంటలు నడుస్తుంది. కచ్చితత్వం మాత్రం గొప్పగా ఊహించుకోవద్దు. కంపెనీ చెప్పే హద్దే రోజుకు మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్లు. వేగాన్ని సరిగ్గా సర్దితే (రెగ్యులేట్ చేస్తే) దానికన్నా చాలా మెరుగ్గా నడుస్తుంది.

భాగాలు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డయల్ కొలత ఎక్కువగా 28.5 మిల్లీమీటర్లు. ముళ్ళ రంధ్రాలు గంటలదానికి 1.5, నిమిషాలదానికి 0.9, సెకన్లదానికి 0.2 మిల్లీమీటర్లు. ఇవి కలిస్తే సరిపోతుందని అనుకుంటారు, కానీ అసలు తికమక క్రౌన్ చోటు దగ్గర వస్తుంది. క్రౌన్ మూడు గంటల దగ్గరున్న కేసుకూ, నాలుగు దగ్గరున్న కేసుకూ డయల్ వెనక కాళ్ళు వేరు, తేదీ చక్రం మీద అంకెల వాలు వేరు. అది చూసుకోకపోతే తేదీ కిటికీలో అంకె పక్కకు ఒరిగి కనిపిస్తుంది. తేదీ లేని డయల్ వేయాలనుకుంటే తేదీ లేని ఎన్‌హెచ్38 తీసుకోండి. ఎన్‌హెచ్35 వేస్తే క్రౌన్ లాగినప్పుడు ఏ పనీ చేయని ఒక ఖాళీ మెట్టు మిగులుతుంది. బయటికి తెలియదు గానీ, తిప్పిన ప్రతిసారీ మీకు తెలుస్తుంది.

బిగించే పనిలో ఓపిక పరీక్షించేది ముళ్ళు. డయల్ కూర్చున్నాక క్రౌన్ నెమ్మదిగా తిప్పుతూ తేదీ టక్కున మారే క్షణం కోసం చూడాలి. మారగానే ఆపి, గంటల ముల్లును సూటిగా 12 మీద పెట్టి నొక్కాలి, దాని మీద నిమిషాలది, అదీ 12 మీదే. ఈ వరస తప్పితే మీ వాచీలో తేదీ పదిన్నరకో, ఒంటిగంట దాటాకో మారుతుంది. సెకన్ల ముల్లు గొట్టం వెంట్రుకంత సన్నం. పట్టకారుతో కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు, నలిగిపోతుంది. అన్నీ పెట్టాక పక్కనుంచి కంటికి ఎదురుగా పట్టుకుని, మూడు ముళ్ళ మధ్యా సందు కనిపిస్తోందా, పూర్తి చుట్టు తిరిగినప్పుడు ఎక్కడైనా రాసుకుంటున్నాయా అని చూడాలి. ఇదంతా అయ్యాక గ్లాసు లోపలి వైపు ఒక దుమ్ము కణం కనిపిస్తుంది. కనిపించి తీరుతుంది. మళ్ళీ విప్పాలి.

క్రౌన్ కాడను కేసుకు తగ్గట్టు కత్తిరించడం దగ్గర తొందర పనికిరాదు. పొడవుంటే ఇంకాస్త తగ్గించవచ్చు, పొట్టిదైతే కొత్తది కొనాల్సిందే. వెనక మూత గాస్కెట్‌కు (నీళ్ళు చొరకుండా ఆపే వలయానికి) సిలికాన్ గ్రీజు పలచగా రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టాలి. అంతా అయ్యాక ఒత్తిడి పరీక్ష చేయించాలి. నీళ్ళతో పనిలేకుండా గాలి ఒత్తిడితో కేసు ఎంత నొక్కుకుంటుందో కొలిచే పొడి పరీక్ష యంత్రాలు వాచ్‌మేకర్ల దగ్గర ఉంటాయి. అది పాసయ్యేదాకా ఆ వాచీతో చేతులు కడుక్కోవడం కూడా వద్దు.

భాగాలు అమ్మేచోట మీకు రోలెక్స్ కిరీటం అచ్చేసిన డయళ్ళు కూడా కనిపిస్తాయి. ఎన్‌హెచ్35 మీద దాన్ని బిగించిన క్షణం మీ సీకో మోడ్ కాస్తా నకిలీ అయిపోతుంది. పైన చెప్పిన చట్టం చిక్కులన్నీ తిరిగి దానికి అంటుకుంటాయి. పేరేమీ లేని డయల్ తీసుకోండి. దాన్ని స్టెరైల్ డయల్ అంటారు. నా కంటికి అదే అందంగా ఉంటుంది కూడా.

ఖర్చు విషయంలో ఒక హెచ్చరిక. ఒక్కో భాగం చవకగానే కనిపిస్తుంది. పనిముట్లు, పాడయ్యే ముళ్ళు, రెండో గ్లాసు, నచ్చని బ్రేస్‌లెట్ అన్నీ కలిపితే మొదటి వాచీ లెక్క ఒక మంచి రెడీమేడ్ సీకో ధరను దాటేస్తుంది. అమ్మితే ఆ డబ్బు తిరిగి రాదు. నేర్చుకున్న పని మాత్రం మీ దగ్గరే ఉంటుంది, రెండో వాచీకి పనిముట్లు కొనక్కర్లేదు.

## వేరే బ్రాండు అసలు డైవర్

రోలెక్స్ వ్యవస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్‌కే తెలుసు, తన వాచీ అందరికీ అందదని. అందుకే 1926లో ట్యూడర్ పేరు నమోదు చేయించాడు. రోలెక్స్ కన్నా తక్కువ ధరకు నమ్మదగ్గ వాచీ అన్నది దాని ఉద్దేశం. 2012లో వచ్చిన బ్లాక్ బే, 2018లో వచ్చిన 39 మిల్లీమీటర్ల బ్లాక్ బే 58 ఆ వంశంలోవే. సబ్‌మెరైనర్ బంధువని చూడగానే తెలుస్తుంది, కానీ ఎవరికీ ఏమీ వివరించుకోనక్కర్లేదు. ధర తక్కువేం కాదు. మోడ్స్‌తో కలిపి ఖరీదైన ఫస్ట్ కాపీలు రెండు మూడు కొన్నవాళ్ళు మాత్రం ఒకసారి కూడిక వేసుకుని చూడాలి. ఆ మొత్తం సెకండ్ హ్యాండ్ ట్యూడర్‌కు ఎంత దగ్గరగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

అంత పెట్టలేనివాళ్ళకు సీకో, సిటిజన్, ఓరియెంట్ డైవర్లు ఉన్నాయి. వీటి ముఖాలు వీటివే. సిటిజన్ ప్రోమాస్టర్‌లో వెలుతురుతో చార్జ్ అయ్యే ఎకో-డ్రైవ్ రకం తీసుకుంటే కీ గోల లేదు, మాటిమాటికీ బ్యాటరీ మార్చే గోలా లేదు. మెకానికల్ ముల్లు నడక మీద మోజు లేని మనిషికి నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ మోజున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. 2022లో ఒమేగా, స్వాచ్ కలిసి మూన్‌స్వాచ్ తెచ్చాయి. లోపల బ్యాటరీ మూవ్‌మెంట్, ఒళ్ళు బయోసెరామిక్ (సెరామిక్, ప్లాస్టిక్ కలిపిన పదార్థం). మరుసటేడు బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్‌కీ అలాంటిదే, ఆటోమేటిక్ (చేతి కదలికతో కీ ఎక్కే) మూవ్‌మెంట్‌తో వచ్చింది. డిజైన్ సొంతదారే ఆ రూపాన్ని చవకగా అమ్ముతున్నప్పుడు దాని నకిలీ వెతకడం నాకు అర్థం కాదు.

## సెకండ్ హ్యాండ్ అసలు: పేరే కావాలనుకునేవాళ్ళకు

డయల్ మీద ఆ కిరీటమే ఉండాలనుకుంటే, దానికి నిజమైన జవాబు ఇదొక్కటే. కొన్నేళ్ళు ఆగి డబ్బు కూడబెట్టాలి, లేదా సబ్‌మెరైనరే కావాలన్న పట్టు వదిలి రోలెక్స్‌లోనే చిన్న సైజు పాత ఆయిస్టర్ పర్పెచువల్ లాంటిది చూసుకోవాలి. 2022 డిసెంబర్‌లో రోలెక్స్ తనే సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్ పథకం మొదలుపెట్టింది. అందులో కొంటే వాచీ అసలుదని కంపెనీయే చెబుతుంది, రెండేళ్ళ గ్యారంటీ ఇస్తుంది. ధర బయటి మార్కెట్ కన్నా ఎక్కువ ఉంటుంది, ఆ ఎక్కువ నిశ్చింతకు కట్టే రుసుము.

బయట కొంటే బాక్సు, కాగితాలు చూసి మురిసిపోవద్దు, వాటికీ నకిలీలు ఉన్నాయి. అమ్మే మనిషిని చూసి కొనాలి. తెలిసిన వాచ్‌మేకర్ దగ్గర వెనక మూత తీయించి, మూవ్‌మెంట్ చూశాకే డబ్బివ్వాలి. మూత తీయనివ్వనంటే లేచి వచ్చేయండి. ఫ్రాంకెన్ వాచీల బెడద ఎక్కువగా ఇక్కడే, ముందు చెప్పుకున్న ఆ మూడో మనిషి మీరే కావచ్చు.

ఒక మధ్యే మార్గం చాలామందికి తెలియదు. 1954లో మొదలై 1990ల దాకా సాగిన పాత ట్యూడర్ సబ్‌మెరైనర్లలో చాలావాటికి క్రౌన్ మీద, వెనక మూత మీద రోలెక్స్ గుర్తులే ఉండేవి, కంపెనీ వేసినవే. డయల్ మాత్రం ట్యూడర్. ఒకప్పుడు చవకే, ఇప్పుడు సేకరించేవాళ్ళు పెంచేశారు. వీటిలోనూ భాగాలు మార్చినవి ఎక్కువ కాబట్టి తెలిసినవాళ్ళు తోడు లేకుండా దిగొద్దు.

బాగా పాతవైతే డయల్ మీది మెరుపు పదార్థం కూడా అడగండి. 1960ల దాకా వచ్చినవాటిలో రేడియం ఉండొచ్చు. మెరుపు ఎప్పుడో చచ్చిపోయినా రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. పెట్టుకోవడం ఒక ఎత్తు, డయల్ గీకడం, విప్పి ఊదడం ఇంకో ఎత్తు. అలాంటిది ఇంట్లో విప్పొద్దు. తర్వాత వచ్చిన ట్రిటియం అంత మొండిది కాదు, పన్నెండేళ్ళకు సగమవుతుంది. అందుకే ఆ కాలపు చుక్కలు ఇప్పుడు చీకట్లో వెలగవు.

కొన్న ధరతో ఖర్చు ఆగదన్నదీ గుర్తుంచుకోండి. రోలెక్స్ దాదాపు పదేళ్ళకోసారి సర్వీస్ చేయించమంటుంది, ఆ ఒక్క సర్వీస్ ఖర్చుతో మంచి హోమేజ్ వాచీ వచ్చేస్తుంది. దాన్ని కూడా లెక్కలో వేసుకునే కొనాలి.

## మరి మీకు ఏది?

చేతిపని ఇష్టమైతే ఆలోచించేదేం లేదు, సీకో మోడ్. పనిముట్లు మొదట మంచివి కొనండి, భాగాలు మొదట చవకవి కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

మొదటి మెకానికల్ వాచీ కొంటూ, ఈ ఇష్టం నిలుస్తుందో లేదో తెలియనివాళ్ళకు ఎన్‌హెచ్35 ఉన్న హోమేజ్ చాలు. ఏడాది పెట్టుకుంటే మీ చేతికి ఎంత సైజు కుదురుతుందో, రోజూ నాలుగు సెకన్లు తేడా వస్తే మీకు చిరాకేస్తుందో లేదో తెలిసిపోతుంది. ఆ తెలివిడి వచ్చాక పెద్ద ఖర్చు పెట్టండి.

నిజంగా ఈత కొట్టేవాళ్ళు, నీళ్ళలో దిగేవాళ్ళు ఐఎస్ఓ 6425 డైవర్ తప్ప ఇంకోటి చూడొద్దు. అది మామూలు సీకో అయినా సరే.

పెళ్ళికో, ఉద్యోగ విరమణకో బహుమతి ఇచ్చేవాళ్ళు హోమేజ్, నకిలీ రెండూ వదిలేయండి. పుచ్చుకున్నవాళ్ళు ఏదో ఒకరోజు దాన్ని సర్వీస్‌కు తీసుకెళ్తారు, కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్ళే. చిన్నదైనా సొంత పేరున్న అసలు వాచీ ఇవ్వండి.

పేరే కావాలంటే ఆగండి. ఆగినంతకాలం ఏదో ఒకటి పెట్టుకోవాలి కాబట్టి ఓరియెంటో సిటిజనో చాలు. ఈ మధ్యలో ఫస్ట్ కాపీ మీద, దాని మోడ్స్ మీద పెట్టే ప్రతి రూపాయీ అసలు వాచీని ఇంకాస్త దూరం నెడుతుంది.

ఇప్పటికే ఫస్ట్ కాపీ ఒకటి సొరుగులో ఉన్నవాళ్ళు దాన్ని అమ్మొద్దు, అందులో ఇంకేమీ వేయించొద్దు. అసలు భాగాలు ఏమైనా వేయించి ఉంటే బయటికి తీయించండి. మీకు విప్పడం నేర్చుకోవాలని ఉంటే, ఆ వాచీకి మిగిలిన ఒకే ఒక్క మంచి ఉపయోగం ఇదే: వెనక మూత తీయడం, కాడ లాగడం, ముళ్ళు ఎత్తి మళ్ళీ పెట్టడం దాని మీదే సాధన చేయండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి మూడు మధ్య ముళ్ళున్నప్పుడు తేదీని క్రౌన్‌తో మార్చకూడదన్నది కూడా దాంతోనే అలవాటు చేసుకోండి. పళ్ళు విరిగితే దాని పళ్ళే విరుగుతాయి.